ఎక్కించని రక్తం

గోపన్‌పల్లి,
16 సెప్టెంబరు 2011

అన్నకు,

నవనీత రాస్తున్నది. నిన్న ఊళ్లో రాజయ్య కొట్టుకు ఫోన్ చేశాను. క్వారీలో పేలిన మందు నీ చెవులు తీసుకుపోయాక మనకు ఫోన్ ఉండీ లేనట్టే కదా. విషయం ఆయనకు చెప్పి, నీకు రాసి చూపించమన్నాను. గిరాకీ ఎక్కువగా ఉన్నట్టుంది, "చెప్త చెప్త, ఫికర్ చెయ్యకు" అని పెట్టేశాడు. ఎంత విన్నాడో తెలియదు. అందుకని మొదటినుంచీ రాస్తున్నాను. చివరిదాకా చదువు. మధ్యలో లేచి చెప్పులు తొడుక్కోకు.

యశస్విని ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయింది. రెండున్నరేళ్ల పిల్లకు పదకొండు ఉండాలట. దీనికి నాలుగు పాయింట్ ఆరు ఉంది.

కొన్ని నెలలుగా పిల్ల గోడ సున్నం గీకి తింటోంది. నేను ఆఫీసులో ఊడ్చే పనికి పోయినప్పుడు దాన్ని చూసుకునేది పక్కింటి ఈరమ్మ. అన్నం పెడితే ఉమ్మేస్తుంది, పాలసీసా నోట్లో పెడితే ఊరుకుంటుంది. పాలే కదా, బలమే కదా అని రోజంతా పాలే పట్టాం. మొహం పాలిపోతుంటే ఈరమ్మ, "మీ ఆఫీసు మేడమ్‌ల లెక్క తెల్లగైతున్నది బిడ్డ" అని మురిసింది. నేనూ మురిశాను అన్నా. మొన్న జలుబు చేస్తే లింగంపల్లి వైపు ట్రస్టు వాళ్లు నడిపే పిల్లల దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ పేరు జయలక్ష్మి, గుంటూరు వైపు మనిషి. పాప కింది రెప్ప లాగి చూసి, "ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందమ్మా?" అంది. జలుబు సంగతి మళ్లీ అడగలేదు.

రక్త పరీక్ష చూడగానే మీ బావ చొక్కా చేయి మడిచాడు. "నాది తీసుకోండి మేడమ్. ఎంత కావాల్నో గంత తీసుకోండి" అన్నాడు. ఆవిడ వద్దంది.

"ఇది ఒక్కరోజులో పోయిన రక్తం కాదండీ. నెలల తరబడి మెల్లగా తగ్గింది. పాప గుండె దానికి అలవాటు పడింది. ఇప్పుడు గబగబా ఎక్కిస్తే ఆ గుండె తట్టుకోలేకపోవచ్చు. పాప ఆడుకుంటోంది, ఊపిరి బాగుంది. ఐరన్ మందు మొదలుపెట్టి ఇక్కడే ఉంచి చూద్దాం. ఆయాసపడినా, మగతగా పడుకున్నా, అంకె నాలుగు లోపుకి జారినా ఆ క్షణమే ఎక్కిస్తాను."

"నాలుగున్నరున్న పిల్లకు రక్తం ఇయ్యకుంట సూసుకుంట కూసుంటరా? గిదేం దవాఖాన?" అన్నాడు మీ బావ.

"చూడ్డం కూడా వైద్యమేనండీ" అంది ఆవిడ.

ఆ మాట విన్నప్పుడు బాగానే ఉంది. వార్డులోకి వచ్చాక భయం పట్టుకుంది. పిల్ల పక్క మంచం అబ్బాయి బంతి లాక్కుని పరుగెడుతుంటే నర్సులు నవ్వుతున్నారు. నేను దాని వెనకే తిరుగుతున్నాను. నిలబడితే ఎందుకు నిలబడిందని, పరుగెడితే ఎందుకు పరుగెడుతోందని. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు.

ఇక్కడ కూడా తెలంగాణ సమ్మె గట్టిగానే ఉంది. మీ బావ నడిపే కంపెనీ క్యాబు నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ అని రాసుకున్నాడు. బండి ఓనరు అరిచాడు. రాయకపోతే అద్దాలు మిగలవని ఈయన అరిచాడు. వదినను, మేనకోడలు ప్రవళికను అడిగానని చెప్పు.

నీ చెల్లె,
నవనీత

*

నాగులగుట్ట, కరీంనగర్ జిల్లా,
18 సెప్టెంబరు 2011

చెల్లె నవనీతకు ఐలయ్య దీవెనలు.

నీ దగ్గర్నుంచి ఉత్తరం ఏదీ రాలేదు. అక్కర్లేదు కూడా. రాజయ్య సబ్బుల డబ్బా అట్ట చింపి దాని మీద రాసి చూపించింది చాలు. "పాపకు రక్తం లేదు. గుంటూరు డాక్టరమ్మ ఇయ్యనన్నది." అంతే రాశాడు. దాని కిందే తన కొట్టు లెక్క ఏదో వేసుకున్నాడు, మూర్ఖుడు.

మండలాఫీసు ముందు దీక్ష టెంటు వేశాం. క్వారీ బంద్ కాబట్టి పొద్దున పోయి అక్కడే కూర్చుంటున్నాను. వాళ్లు పాడేది నాకు వినపడదు. డప్పు మాత్రం ఛాతీలో తెలుస్తుంది. పక్కవాడు చేయి ఎత్తితే నేనూ ఎత్తుతాను. నిన్న మాత్రం నేనే మైకు అడిగి తీసుకున్నాను. నా గొంతు ఎంత గట్టిగా వస్తుందో నాకెట్లా తెలుస్తుంది, ముందు వరుసలో ముసలమ్మలు చెవులు మూసుకున్నారు. "పట్నంల మా బిడ్డ సావుబతుకుల్ల ఉంటే రక్తం సుక్క గూడ ఇయ్యరట. నీళ్లు పాయె, కొలువులు పాయె, ఇగ రక్తం గూడ అడుక్కోవాల్నా?" అన్నాను. టెంటంతా లేచి నిలబడింది. మన పిల్లలు రక్తం ఇవ్వడానికి అక్కడికక్కడే పేర్లు చెప్పారు. శేరిలింగంపల్లిలో సాయిచంద్ అని మన ఉద్యమం కుర్రవాడు ఉన్నాడు. ఏ దవాఖానో రాజయ్యను అడిగి అతనికి కబురు పంపాం. తన మనుషులతో వచ్చి ఆ డాక్టరమ్మను అడుగుతాడు. అడగాల్సిన పద్ధతిలో అడుగుతాడు.

నువ్వు అక్కడ ఉండకు. పాపను ప్రైవేటు దవాఖానకు మార్చండి. ఎంత రక్తం కావాలంటే అంత ఎక్కించండి. బావ చెప్పినట్టు విను. చిన్నప్పటినుంచీ నీది ఒకటే గుణం, ఎవరు మెత్తగా మాట్లాడితే వాళ్ల మాట వింటావు. మెత్తగా మాట్లాడేవాళ్లందరూ మనవాళ్లు కారు.

బస్సులు రేపటినుంచి బంద్ అంటున్నారు. దారి దొరకగానే నేనే వస్తాను. మేనమామ బతికుండగా పిల్లకు రక్తం లేదన్న మాట పుట్టొద్దు.

మీ అన్న,
ఐలయ్య

*

గోపన్‌పల్లి,
24 సెప్టెంబరు 2011

అన్నా,

నీ ఉత్తరం చేరింది. నీ మనుషులు అంతకంటే ముందే చేరారు.

సాయిచంద్, అతని వెంట ఇంకో ముగ్గురు. వార్డులోకి వచ్చి, "డాక్టరెవరు?" అని ఒక్క కేక వేశారు. పడుకున్న పిల్లలందరూ లేచి ఏడుపు. జయలక్ష్మి గారు ఒక పసిపిల్లను చూస్తున్నారు. చూడటం పూర్తి చేసి, చేతులు కడుక్కుని వచ్చారు.

"మా తెలంగాణ బిడ్డకు రక్తం ఎందుకిస్తలేరు?"

"పాపకు ఇప్పుడు అవసరం లేదు బాబూ. అవసరమైన రోజు మీకంటే ముందు నేనే పరుగెడతాను."

"అవసరమో కాదో మీరెట్ల చెప్తరు?"

"అది చెప్పడానికే కదయ్యా నేను చదువుకుంది."

ఆవిడ గొంతు పెంచలేదు. అన్నా, ఆ గదిలో అందరూ నా పిల్ల గురించే మాట్లాడారు. తల్లిని నేను అక్కడే ఉన్నాను, నీకేమనిపిస్తుందమ్మా అని ఒక్కరు కూడా అడగలేదు.

మీ బావకు వాళ్లను చూస్తే బలం వచ్చింది. సంతకం పెట్టి పిల్లను ఎత్తుకుని కొండాపూర్‌లో ఒక ప్రైవేటు దవాఖానకు నడిచాడు. నేను వెనకాల పరుగెత్తాను. అక్కడ ఒక డాక్టరు పాపను నిలబడే చూసి, "రెండు బాటిళ్లు ఎక్కించేద్దాం, రేపు పొద్దున ఇంటికెళ్లిపోవచ్చు" అన్నాడు. మీ బావ మొహం విప్పారింది. నేను అడిగాను, "ఎంతసేపట్ల ఎక్కిస్తరు సార్? గంత ఒక్కసారి ఇస్తే గుండెకేమన్న అయితదా?"

"అవన్నీ మీకెందుకమ్మా, మేం చూసుకుంటాం కదా" అన్నాడు.

జయలక్ష్మి గారు నేను అడగనివి కూడా కూర్చోబెట్టి చెప్పారు. ఈయన అడిగినదానికి కూడా చెప్పడం లేదు. నర్సు సూది తెచ్చేలోపు పిల్లను చంకనేసుకుని బయటికి వచ్చేశాను. రోడ్డు మీద మీ బావ నా చేయి పట్టుకున్నాడు. "నా బిడ్డకేమన్నయితే నీదే పాపం" అన్నాడు. "అయితే నాదే" అన్నాను. ఆటోలో మళ్లీ ట్రస్టు దవాఖానకే పోయాను. ఆవిడ ఎత్తిపొడవలేదు, ఎందుకు పోయావని అడగలేదు. పాప చొక్కా ఎత్తి ముందు ఊపిరి లెక్కపెట్టుకుంది.

మీ బావ నాతో మాట్లాడటం మానేశాడు. డ్యూటీ నుంచి వస్తాడు, పాపను చూస్తాడు, పోతాడు. నేను చేసింది తప్పేమోనని నాకూ ఉంది. ఇప్పుడే తప్పు, ఇప్పుడే ఒప్పు. చేతిలో ఏదో కాలుతున్నట్టు ఉంది, కింద పెట్టడానికి చోటు లేదు.

మెత్తగా మాట్లాడేవాళ్ల మాట వింటానని రాశావు. నిజమే. నన్ను పెంచింది నువ్వు. ఈ లోకంలో నాతో మొదట మెత్తగా మాట్లాడింది నువ్వే.

నవనీత

*

నాగులగుట్ట,
29 సెప్టెంబరు 2011

నవనీతా,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు అందాయి. మీ వదిన ముందు తను చదివి, తేదీ చూపించి, "గిది ముందు సదువు, గిది తర్వాత" అని నా చేతిలో పెట్టింది. వరసగానే చదివాను. రాజయ్యతో మాట్లాడటం లేదు.

"నీ మనుషులు" అని రాశావు. వాళ్లు నా మనుషులైతే నువ్వు ఎవరి మనిషివి? ఆ మాట గుచ్చుకుంది. పిల్లల వార్డులో కేకలు వేయడం తప్పే, సాయిచంద్‌కు ఆ మాట పంపించాను. కానీ సూది పెట్టబోతుంటే పిల్లను లాక్కుని వచ్చావని చదివినప్పుడు లేచి చెప్పులు తొడుక్కున్నాను. డాక్టరమ్మ మంచిదే కావచ్చు. నాకు నమ్మకం కుదరడం లేదు. ఎందుకో నీకు తెలియాలి.

అమ్మ నీ కాన్పులో పోయిందని చెప్పాం. ఎలా పోయిందో ఎవరూ చెప్పలేదు. నాకప్పుడు పన్నెండేళ్లు. నువ్వు పుట్టాక అమ్మకు రక్తం ఆగలేదు. టౌను దవాఖానకు బండి మీద తెచ్చాం. కాంపౌండరు బయటికి వచ్చి, "రక్తం లేదు, ఇచ్చేటోళ్లను తీస్కరా" అన్నాడు. నాయన అమ్మ దగ్గరే కూలబడ్డాడు. నేను పోయాను. బస్టాండులో మనిషి మనిషినీ అడిగాను. చాయ్ తాగేవాళ్లను, బస్సు కిటికీల్లోంచి చూసేవాళ్లను, బూట్లు కుట్టే ఆయనను. ఒకాయన అడుక్కునే పిల్లాడిననుకుని నా చేతిలో అరటిపండు పెట్టాడు. అది కూడా పట్టుకునే పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి నిన్ను చీర ముక్కలో చుట్టి నా చేతుల్లో పెట్టారు. అమ్మ మొహం మీద గుడ్డ కప్పి ఉంది.

రక్తం లేదంటే ఏమవుతుందో నేను అలా నేర్చుకున్నాను. "ఉంది, కానీ ఇప్పుడు వద్దు" అనేది నేను ఎన్నడూ వినని మాట. ఎంత చదివినా లోపలికి దిగడం లేదు. నీ మీద కోపం లేదు. నాకు కాలు ఒక చోట నిలవడం లేదు, అంతే. టెంటులో కూర్చున్నా ఇంట్లో కూర్చున్నా ఒకటే.

పాప అంకె ఎంతకు వచ్చిందో ప్రతిసారీ రాయి.

అన్న

*

ట్రస్టు దవాఖాన, లింగంపల్లి,
8 అక్టోబరు 2011

అన్నా,

నీ ఉత్తరం చదివాను. నా పుట్టినరోజు నాడు నువ్వు పొద్దంతా ఇంట్లో ఉండేవాడివి కావు. ఎందుకో ఇన్నేళ్లకు తెలిసింది.

ఇప్పుడు రాస్తున్నది మంచం పక్కన కూర్చుని. పాపకు రక్తం ఎక్కుతోంది.

ఎలా జరిగిందో చెబుతాను. వారం కింద అంకె ఐదు పాయింట్ మూడుకు వచ్చింది. ఇంటికి పంపారు. గెలిచానని అనుకున్నాను, ఈరమ్మతో కూడా అన్నాను. మొన్న జ్వరం, దగ్గు. ఈ పొద్దున చూస్తే ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. బొమ్మ చూపిస్తే చూడలేదు. ఎత్తుకుని పరుగెత్తాను. జయలక్ష్మి గారు ఛాతీ మీద గొట్టం పెట్టి, "ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది" అన్నారు. పరీక్షలో మూడు పాయింట్ ఏడు. నేను నోరు తెరవకముందే, "ఇప్పుడు ఎక్కించాలమ్మా. ఆలస్యం లేదు" అన్నారు.

సమ్మె వల్ల కాలేజీలు మూసేశారు, రక్తదానాలు లేవు. బ్లడ్ బ్యాంకులో నిల్వ తక్కువగా ఉంది, బదులు ఇచ్చేవాళ్లను తీసుకురమ్మన్నారు. రోడ్లన్నీ బంద్. మీ బావ సాయిచంద్‌కు ఫోన్ చేశాడు. అతను బండేసుకుని వచ్చాడు. పాప రక్తం నమూనా మీ బావ జేబులో, బండి నడిపేది సాయిచంద్. రోడ్డు ఆపినవాళ్లు చాలామంది అతనికి తెలిసినవాళ్లే కాబట్టి దారి ఇచ్చారట. అక్కడ ఇద్దరూ రక్తం ఇచ్చి, పాప గ్రూపుది ఐస్ డబ్బాలో పెట్టుకుని వచ్చారు. సాయిచంద్ వార్డు లోపలికి రాలేదు. తలుపు దగ్గరే డబ్బా ఇచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

డాక్టరమ్మ పాపను తూకం వేసి లెక్క కట్టుకుంది. నేను బాటిల్ నిండా ఉంటుందనుకున్నాను. ఒక చాయ్ కప్పు నిండదు అన్నా. మీ బావ చూసి, "గింతేనా మేడమ్?" అన్నాడు.

"ఇంతేనండీ. ఈ గుండె మోయగలిగింది ఇంతే. అది కూడా మెల్లగా, నాలుగు గంటలు పడుతుంది" అంది. వచ్చి కూర్చుని, ఊపిరి చూసి, నాడి చూసి పోతోంది. మళ్లీ వస్తోంది. మధ్యలో ఒకసారి ఆపేసింది. నేను లేచి నిలబడ్డాను. పాప కాలి మీద ఏదో ఎర్రగా కనపడిందట. దోమ కుట్టింది. మళ్లీ వదిలింది.

ఒక్కో చుక్క పడుతుంటే నేను అమ్మ గురించే అనుకుంటున్నాను. ఆ బస్టాండులో ఎవరైనా ఒక్కరు ఆగి ఉంటే, ఈ ఉత్తరం అమ్మకు రాసేదాన్నేమో.

మీ బావ ఇందాక వచ్చి, "నువ్వు తిన్నవా?" అన్నాడు. ఇన్ని రోజులకు అది మొదటి మాట. లేదన్నాను. ఉప్మా పొట్లం తెచ్చి పెట్టి పోయాడు. ఇంకా విప్పలేదు.

రాజయ్యకు ఫోన్ చేయించాను. నువ్వు ఆయనతో మాట్లాడకపోయినా ఆయన రాసింది చదువు. ఇంకా సగం రక్తం ఎక్కాలి. అయ్యాక రాద్దామంటే టపా వెళ్లిపోతుంది. ఇంతవరకు పాప కళ్లు తెరవలేదు.

నవనీత

*

నాగులగుట్ట,
14 అక్టోబరు 2011

చెల్లెకు,

నువ్వు దవాఖానలో కూర్చుని రాసిన ఉత్తరం నేను నీ దగ్గరికి వచ్చి తిరిగి ఇంటికి చేరాక అందింది. పాప గుడ్డు తినడం నా కళ్లతో చూసి వచ్చాను కదా, అయినా "ఇంకా కళ్లు తెరవలేదు" అనే చోట ఉత్తరం మడిచి పక్కన పెట్టాను.

అక్కడ ఉన్నప్పుడు నీకు సరిగా చెప్పలేకపోయాను. నేను మాట్లాడితే వార్డంతా తిరిగి చూస్తుందని నువ్వు నోటి మీద వేలు పెడుతూనే ఉన్నావు. ఇప్పుడు చెబుతాను.

రాజయ్య ఈసారి అట్టకు రెండు వైపులా రాశాడు. పాపం, కొట్టు మూసి స్వయంగా ఇంటికి వచ్చాడు. టమాటాల వ్యాన్ పట్నం పోతుంటే ఎక్కాను. ప్రజ్ఞాపూర్ దగ్గర రోడ్డు ఆపి వంటావార్పు చేస్తున్నారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా పొయ్యిలు, గిన్నెలు, అడ్డంగా బండరాళ్లు. ఎన్నిసార్లు నేనే అలాంటి రాళ్లు పేర్చాను. దిగి "పిల్లకు రక్తం, పిల్లకు రక్తం" అని అరిచాను. వాళ్లేదో అడుగుతున్నారు. నాకు వినపడదు. తాగి ఉన్నాననుకున్నట్టున్నారు, ఒకతను నా భుజం పట్టి నెట్టాడు. జేబులోంచి అట్ట తీసి చూపించాను. గరిటె పట్టుకున్న ఒక పెద్దావిడ అది చదివించుకుని, గరిటె పడేసి, తనే రాయి పక్కకు దొర్లించింది. పోతుంటే విస్తరాకులో వేడి కిచిడీ వ్యాన్ కిటికీలోంచి నా ఒళ్లో పెట్టింది.

నేను వచ్చేసరికి పాప లేచి కూర్చుంది. నువ్వు గోడకు ఆనుకుని నిద్రపోతున్నావు. లేపలేదు. వరండాలో డాక్టరమ్మ ఎదురైంది. ఎవరో చూపించారు. ఎదురుగా పోయి, "నేను పాప మేనమామను. మీ మీద మైకుల మాట్లాడినోణ్ణి" అన్నాను. ఆవిడ ఏదో అంది. చెవులు చూపించాను. మందుల చీటీ వెనక రాసింది. "కొంచెం మెల్లగా మాట్లాడండి, పిల్లలు పడుకున్నారు." నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వీలైనంత మెల్లగా అడిగాను, "గా రోజు ఎందుకియ్యలేదు, ఇప్పుడెందుకిచ్చిన్రు?" అని. ఆవిడ అక్కడే కిటికీ గట్టు మీద కాగితం పెట్టి రాసింది. "ఆ రోజు పాప ఆడుకుంటోంది. ఈసారి ఊపిరి తీసుకోవడానికే ఒళ్లంతా పనిచేస్తోంది. రెండుసార్లూ నాకు భయం వేసింది." చివరి మాట చదివి తల ఎత్తి చూశాను. డాక్టర్లకు కూడా భయం ఉంటుందని, ఉన్నా చెబుతారని నేను అనుకోలేదు. దండం పెట్టాను. నా చేతులు దించింది.

నీకు చెప్పకుండా ఇంకొకటి చేశాను. బ్లడ్ బ్యాంకుకు పోయి రక్తం ఇచ్చాను. పాపకు ఇంక అక్కర్లేదని తెలుసు. ఎవరికి ఎక్కిస్తారని అడిగితే, తెలియదు, ఎవరికి అవసరమైతే వాళ్లకు అని రాసి చూపించారు. బయట బెంచీ మీద కూర్చుని అనుకున్నాను: ఎవరో ఒకరి కొడుకు నాలాగా బస్టాండుకు పోనక్కర్లేదు.

వచ్చాక టెంటులో మళ్లీ మైకు తీసుకున్నాను. నేను ముందు చెప్పింది నిజం కాదని, డాక్టరమ్మ పిల్లను కాపాడిందని చెప్పాను. ఈసారి ఎవరూ లేచి నిలబడలేదు. కొందరు చాయ్‌కు పోయారు. మా మాటకు విలువ పోయిందని మనవాళ్లకు నా మీద కోపంగా ఉంది. ఉండనీ. రాష్ట్రం కావాలన్న దాని మీద నేను ఎక్కడ ఉన్నానో అక్కడే ఉన్నాను. రేపు కూడా పోయి కూర్చుంటాను.

మీ అన్న,
ఐలయ్య

*

గోపన్‌పల్లి,
2 నవంబరు 2011

అన్నకు, వదినకు,

పాప అంకె ఎనిమిది పాయింట్ ఒకటి. నువ్వు అడిగావు కాబట్టి ముందు అదే రాస్తున్నాను. ఇంకా కొన్ని నెలలు మందు ఆపొద్దన్నారు. సీసా మాన్పించాం. అది మాన్పించిన రోజు గోపన్‌పల్లి అంతా వినేలా ఏడ్చింది. ఇప్పుడు పప్పన్నం, గుడ్డు, ఆదివారం మేక కార్జం. ఈరమ్మ ఎవరి పిల్ల తెల్లగా కనపడ్డా రెప్ప లాగి చూస్తోంది, బస్తీలో పిల్లలు ఆమెను చూసి పారిపోతున్నారు.

సమ్మె అయిపోయింది. ఆఫీసులో అద్దాలు మళ్లీ మామూలుగా తుడుస్తున్నాను. మీ బావ మాట్లాడుతున్నాడు. ప్రైవేటు దవాఖాన సంగతి మాత్రం ఎత్తడు. నేనూ ఎత్తను. ఒక రోజు ఎత్తాలి.

నేను మునుపటిలా లేను అన్నా. పిల్ల పరుగెత్తి వచ్చి ఒళ్లో పడితే ముందు ముద్దు పెట్టుకోవాలి కదా. నేను ముందు ఊపిరి చూస్తున్నాను. ఎన్నాళ్లు ఉంటుందో ఇది.

ఊళ్లో కూడా పిల్లల రెప్పలు చూడండి. ఇది బయటికి తెలియకుండా వచ్చే రోగమట. ఆడపిల్లలకు మరీ.

నవనీత

*

నాగులగుట్ట,
15 నవంబరు 2011

చెల్లే,

నువ్వు రాశావని మీ వదిన ప్రవళికను వెలుతురులోకి పిలిచి రెప్ప లాగి చూసింది. లోపల ఎరుపే లేదు. మండలం దవాఖానకు తీసుకుపోయాం. ఆరు పాయింట్ నాలుగు. పద్నాలుగేళ్ల పిల్ల. బడికి పోతోంది, నీళ్లు మోస్తోంది, తొక్కుడుబిళ్ల ఆడుతోంది. మెట్లెక్కితే కాళ్లు లాగుతున్నాయని ఎప్పుడో అన్నదట. ఎదిగే పిల్లలకు మామూలేనని మీ వదిన కాళ్లకు నూనె రాసింది.

డాక్టరు కొత్త కుర్రాడు, మన జిల్లావాడే. కాగితం మీద రాసి చూపించాడు. "రక్తం ఎక్కించాల్సిన అవసరం లేదు. మాత్రలు చాలు. నెలకు వచ్చి చూపించండి." నేను చదివాను. తల ఊపాను. అంతా తెలిసినవాడిలా, ఆయాసం వస్తే వెంటనే తీసుకురావాలా అని అడిగాను. అవునని తల ఊపాడు. మీ వదిన నన్ను చూసి, ఫరవాలేదే, మారాడు అన్నట్టు మొహం పెట్టింది.

మారలేదు. చొక్కా చేయి మోచేతి దాకా ఎప్పుడు మడిచానో నాకే తెలియదు. దవాఖాన బయటికి వచ్చాక ప్రవళిక చూసి, మెల్లగా కిందికి దించి గుండీ పెట్టింది.

మాత్రలు వేసుకుంటోంది. బడికి పోతానని పట్టుబట్టింది, పంపించాను. క్వారీకి నేనూ పోయాను. సుత్తి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోతే మేస్త్రీ ఇంటికి పొమ్మన్నాడు. ఇంటికి పోకుండా బడికి పోయాను. కిటికీలోంచి చూస్తే పక్క పిల్లతో ఏదో చెప్పి నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు నాకు వినపడదు. భుజాలు ఎలా కదులుతున్నాయో చూస్తూ నిలబడ్డాను, టీచరు వచ్చి కిటికీ మూసేదాకా. మళ్లీ మధ్యాహ్నం పోయాను.

రాళ్లు పేర్చమంటే పేరుస్తాను. టమాటాల వ్యాన్ ఎక్కమంటే ఎక్కుతాను. ఒంట్లో రక్తమంతా తీసుకోమంటే పడుకుంటాను. బిడ్డ ఎదురుగా ఉండగా ఏమీ చేయకుండా ఉండటం ఎట్లనో నాకు తెలియదు చెల్లే. నువ్వు అన్ని రోజులు, పక్కన మాట్లాడే మనిషి కూడా లేకుండా, ఎట్లా ఉన్నావు?

తొందరగా రాయి.

ఐలయ్య